మందుల దుకాణంలో కంప్యూటరు బిల్లు కోసమేనా?

సికింద్రాబాదు నుంచి తార్నాక వెళ్ళే దారిలో మెట్టుగూడ ఉంది. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆస్పత్రి అక్కడిదే. లాలాగూడ రైల్వే ఆస్పత్రి అంటే జంటనగరాల్లో తెలియని వారుండరు. అక్కడికి వచ్చే ఉద్యోగికీ, పింఛనుదారుకూ, వారి కుటుంబాలకూ ఒక గుర్తింపు కార్డు, దాని మీద ఒక నంబరు ఉంటాయి. 2021 జనవరిలో దక్షిణ మధ్య రైల్వేలో ఆస్పత్రుల కంప్యూటరు విధానాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. డాక్టరు రాసిన మందు, పరీక్షల ఫలితం, ఔషధ విభాగం ఇచ్చిన బిళ్ళలు అన్నీ ఒకే నంబరు కింద నమోదు కావాలన్నది ఈ విధానం ఉద్దేశం. ఆర్నెల్ల తర్వాత వేరే డాక్టరు చూసినా పాత మందులేమిటో తెరమీద తెలియాలి.

అదే దారిన ఉప్పల్, ఘట్‌కేసర్ దాటి భువనగిరి, ఆలేరు, మోత్కూరు వైపు వస్తే పరిస్థితి వేరు. రైల్వేలో పనిచేసి రిటైరైన అన్నకు మెట్టుగూడలో దొరికే సదుపాయం, ఊళ్ళో సేద్యం చేసుకునే తమ్ముడికి లేదు. ఆయనకు ఆస్పత్రి అంటే బస్టాండు ఎదుట ఉన్న మందుల షాపే. జ్వరం వచ్చినా, నడుము పట్టినా, పిల్లవాడికి విరేచనాలైనా ముందు వెళ్ళేది అక్కడికే. డాక్టరు చీటీ ఉంటే చూపిస్తాడు, లేకపోతే పాత గోలీల అట్టముక్క చూపిస్తాడు, అదీ లేకపోతే నోటితో చెబుతాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. మండల కేంద్రానికి వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది.

దీపం కింద చీకటి అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మెట్టుగూడకు కూతవేటు దూరంలో తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది. ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను చవకగా తయారుచేసే పద్ధతిని 1990 దశకం తొలినాళ్ళలో దేశానికి అందించిన సంస్థ అది. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు చెబుతున్నారు. దేశ దేశాలకు మందులు పంపే కర్మాగారాలు హైదరాబాదు చుట్టూ ఉన్నాయి. మందు కనిపెట్టడంలో, తయారుచేయడంలో ఇంత ముందున్న ప్రాంతంలో, ఆ మందును పల్లెటూరి మనిషి చేతిలో పెట్టే ఆఖరి అడుగు మాత్రం నలభై ఏళ్ళ కిందట ఎలా ఉందో అలాగే ఉంది.

అలాగే ఉందంటే దుకాణదారులు ఒప్పుకోకపోవచ్చు. ఇప్పుడు చాలా షాపుల్లో కంప్యూటరు ఉంది, బిల్లు కొట్టే చిన్న యంత్రం ఉంది, ఫోనుతో డబ్బు చెల్లించే అట్ట అద్దానికి అంటించి ఉంది. నిజమే. కాని ఆ కంప్యూటరుకు తెలిసినదల్లా సరుకు, ధర, పన్ను. మందు కొన్న మనిషి ఎవరో, ఆయనకు ఏ జబ్బుందో, కిందటి నెల ఏం కొన్నాడో దానికి తెలియదు. తెలియజెప్పే పని ఎవరూ పెట్టుకోలేదు.

ముందు గోలీల అట్ట సంగతి చూడాలి. పల్లెల్లో పూర్తి అట్ట కొనేవారు తక్కువ. రెండు రోజులకు నాలుగు బిళ్ళలు, చేతిలో ఉన్న డబ్బును బట్టి ఆరు బిళ్ళలు. దుకాణదారు కత్తెర తీసుకుని అట్టను కత్తిరిస్తాడు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చువేసిన ముక్క ఒకరికి వెళుతుంది, ఉత్త వెండికాగితం ముక్క మరొకరికి వెళుతుంది. ఆ రెండో మనిషి తాను మింగుతున్నదేమిటో, ఎప్పటిదో ఎవరినడిగి తెలుసుకోవాలి? బిల్లు తీసుకుంటే అందులో బ్యాచ్ నంబరూ, గడువు తేదీ ఉంటాయి. కాని ఇరవై రూపాయల మందుకు బిల్లు అడగడం నామోషీ అనుకునేవారు కొందరు, అడిగితే విసుక్కునే దుకాణదారులు కొందరు. 'బిల్లు ఎందుకు పెద్దాయనా, ఊరివాళ్ళమే గదా' అనే మాటతో వ్యవహారం ముగుస్తుంది.

ఊరివాళ్ళే. అందుకే 2025 అక్టోబరు నాటి సంగతి గుర్తుచేయవలసి వస్తున్నది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్పు తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడి మరణించారు. ఇరవై మందికి పైగా పిల్లలు బలైపోయారు. కోల్డ్రిఫ్ అనే ఆ సిరప్పు తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. పరీక్షిస్తే ఎస్ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం ఉన్నట్లు తేలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ వెంటనే ఆ బ్యాచ్ వాడవద్దని హెచ్చరిక జారీచేసింది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, ఇవ్వవద్దనీ కేంద్ర ఆరోగ్యశాఖ కూడా చెప్పింది.

హెచ్చరిక పత్రికల్లో వచ్చింది, టీవీల్లో వచ్చింది. అయితే ఒక ప్రశ్న మిగిలింది. అలాంటి బ్యాచ్ సీసాలు ఏ మారుమూల ఊరి షాపులోనైనా అప్పటికే పది అమ్ముడుపోయి ఉంటే, ఆ పది ఇళ్ళు ఏవో దుకాణదారు చెప్పగలడా? బిల్లు లేదు, పేరు లేదు. జ్ఞాపకం మీద ఆధారపడవలసిందే. కంప్యూటరులో బ్యాచ్ నంబరుతో పాటు కొన్నవారి ఫోను నంబరు ఎక్కించి ఉంటే ఆ పని నిమిషాల మీద అయిపోతుంది. పది ఫోనులు చేయాలి. పిల్లవాడికి రెండో చెంచా పడకముందే సీసా వెనక్కి వస్తుంది. కొత్త యంత్రం కొననక్కరలేదు, ఉన్న యంత్రంలో ఒక గడి నింపితే చాలు.

ఇక బీపీ, షుగరు రోగుల విషయం. పల్లెల్లో ఈ జబ్బులు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. ఒకే మందును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. భువనగిరి డాక్టరు ఒక పేరుతో షుగరు బిళ్ళ రాస్తాడు. మూడు నెలల తర్వాత కూతురింటికి వెళ్ళినప్పుడు ఉప్పల్‌లో మరో డాక్టరు అదే మందును ఇంకో పేరుతో రాస్తాడు. రోగి రెండు అట్టలూ పట్టుకుని వచ్చి రెండూ కొంటాడు, రెండూ వేసుకుంటాడు. షుగరు పడిపోయి పొలం గట్టు మీద కళ్ళు తిరిగి పడతాడు. ఇంట్లోవాళ్ళు ఎండదెబ్బ అనుకుంటారు.

అంతకంటె పెద్ద బెడద నొప్పి గోలీలది. నాట్లు వేసిన వారికీ, మగ్గం మీద కూర్చున్నవారికీ నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి తప్పవు. డైక్లోఫినాక్ లాంటి బిళ్ళ రోజుకొకటి మింగడం అలవాటుగా మారిన ఇళ్ళున్నాయి. బీపీకి కొన్ని రకాల బిళ్ళలు, మూత్రం జారీ చేసే బిళ్ళ వాడే మనిషి దానికి తోడు ఈ నొప్పి గోలీ కూడా రోజూ వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం హెచ్చు. ఈ సంగతి చదువుకున్న ఫార్మసిస్టుకు తెలుసు. కాని బీపీ బిళ్ళ ఒక షాపులో, నొప్పి గోలీ ఇంకో షాపులో కొంటే ఎవరూ పట్టుకోలేరు. ఒకే షాపులో కొన్నా పద్దు లేకపోతే పట్టుకోలేరు. పద్దు ఉంటే, ఈ రెండు మందులు కలిపి ఇవ్వరాదని తెరమీద ఎర్రగా చూపించే ఏర్పాటు ఎన్నడో వచ్చింది. విదేశాల్లో సాధారణ మందుల షాపుల్లోనూ ఇది మామూలు విషయం. ఇక్కడి బిల్లింగు కార్యక్రమాల్లోనూ ఆ సదుపాయం పెట్టడం కష్టం కాదు. అడిగేవారుంటే తయారుచేసేవారుంటారు.

అది పట్నం వ్యవహారం అని కొట్టిపారేసేవారికి జవాబు లేకపోలేదు. ఊళ్ళో మందుల షాపుకు వచ్చేవారు నెలనెలా వచ్చేవారే, ముఖాలు తెలిసినవారే. పట్నం షాపులో రోజుకు వందలాది కొత్త ముఖాలు. పద్దు పెట్టడం ఊళ్ళోనే సులువు. బిళ్ళలు అయిపోయే ముందురోజు 'రేపటితో మీ బీపీ గోలీలు అయిపోతాయి' అని తెలుగులో ఒక సందేశం పంపితే రోగికి మేలు, షాపుకు బేరం. డబ్బు లేక, తీరిక లేక మధ్యలో బీపీ మందు మానేసి పక్షవాతం తెచ్చుకున్నవారు ఏ ఊళ్ళో లేరు?

తెలుగు మాట వచ్చింది కాబట్టి మరొకటి చెప్పాలి. మందు డబ్బా మీద ఉన్నదంతా ఇంగ్లీషు. కాగితం సంచి మీద దుకాణదారు గీతలు గీసి ఇస్తాడు, ఒక గీత ఉదయానికి, ఒక గీత రాత్రికి. అయిదు రకాల మందులుంటే అయిదు సంచులు, అన్నిటి మీదా గీతలే. చూపు ఆనని ముసలమ్మ ఏ సంచి ఏదో ఎలా పోల్చుకుంటుంది? బిల్లు కొట్టే యంత్రం తెలుగు అక్షరాలు కూడా కొట్టగలదు. 'షుగరు బిళ్ళ, ఉదయం తినేముందు ఒకటి' అని పెద్ద అక్షరాలతో చీటీ కొట్టి సంచికి అంటించడానికి అయ్యే ఖర్చు కాగితం ఖర్చే. చదువు రానివారికి పొడిచే సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేయవచ్చు. ఇదేమంత ఘనకార్యం అని నవ్వుకోవచ్చు గాని, మందుల విషయంలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ చిన్నచోటే పుడుతుంది.

చట్టం ఏం చెబుతోంది? 2014 మార్చి 1 నుంచి హెచ్1 అనే జాబితా అమలులో ఉంది. బలమైన యాంటీబయాటిక్సు, క్షయ మందులు, కొన్ని నిద్ర మందులు మొదలైన 46 రకాలను అందులో చేర్చి మొదలుపెట్టారు. వాటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. ఆచరణలో డ్రగ్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన రాత్రి ఆ రిజిస్టరు నింపే షాపులు లేవని ఎవరూ ప్రమాణం చేయలేరు. కంప్యూటరులో అమ్మిన క్షణంలోనే నమోదైతే తర్వాత నింపే పని ఉండదు. ఆ జాబితాలోని ఆల్ప్రజోలం ఏమిటో, అది ఎక్కడెక్కడికి చేరుతుందో కల్లు దుకాణాల పుణ్యమా అని తెలంగాణ పల్లెలకు కొత్తగా చెప్పనక్కరలేదు.

2023 ఆగస్టు 1 నుంచి మరో ఏర్పాటు జరిగింది. ఎక్కువగా అమ్ముడుపోయే 300 రకాల మందుల పెట్టెల మీద చదరపు గుర్తు ముద్రించడం తప్పనిసరి చేశారు. ఫోనుతో దాన్ని చూస్తే తయారీదారు పేరు, బ్యాచ్, తయారైన తేదీ, గడువు తెలుస్తాయి. నకిలీ మందుల బెడదకు ఇది మంచి విరుగుడే. ఆఫ్రికాలోని నైజీరియా 2010లోనే మందు పెట్టె మీద గీకే అంకెలు పెట్టి, ఆ అంకెలు మామూలు ఫోను నుంచి సందేశంగా పంపితే అసలో నకిలీయో జవాబు వచ్చేలా చేసింది. తెర ఫోనులేని రైతుకూ పనికివచ్చే పద్ధతి అది. ఇక్కడ గుర్తు ముద్రించారు గాని, అది ఉందన్న సంగతే కొనేవారిలో ఎక్కువమందికి తెలియదు. అట్ట కత్తిరించి అమ్మితే ఆ గుర్తూ చేతికి రాదు. షాపతను తన వద్దకు పెట్టె రాగానే చూసి సరిపోల్చుకోవడమే పల్లెల్లో జరగవలసిన పని.

ఫ్రిజ్ సంగతి మరీ విచిత్రం. ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే. పాడైన ఇన్సులిన్ చూడటానికి బాగానే ఉండవచ్చు, పని మాత్రం చేయదు. పి.హెచ్.సి.ల్లో టీకాల కోసం ఈ-విన్ అనే ఏర్పాటు ఉంది. టీకాల పెట్టెలో పెట్టిన పరికరం చల్లదనాన్ని కనిపెట్టి అధికారుల ఫోనుకు సందేశం పంపుతుంది. అదే ఊళ్ళో, అదే కరెంటు కోతలో, అదే 43 డిగ్రీల మే నెల ఎండలో మందుల షాపు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఎలా ఉందో అడిగే నాథుడు లేడు. రాత్రి షట్టరు దించేటప్పుడు కరెంటు బిల్లు తగ్గుతుందని ఫ్రిజ్ ఆపివేసే మహానుభావులు ఎక్కడైనా ఉంటే వారు చేసేది వ్యాపారం కాదు, అపచారం. హెచ్చుతగ్గులు గుర్తుంచుకునే చిన్న థర్మామీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ముందు అది పెట్టి, ఫోనుకు సందేశం పంపే పరికరం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

ఇంతదాకా యంత్రాల మాట. అసలు చిక్కు మనిషిది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టే చీటీ చూసి మందు ఇవ్వాలి. గోడకు అద్దాల చట్రంలో సర్టిఫికెట్ వేలాడుతుంది, ఆ పేరుగల మనిషి ఎక్కడో పట్నంలో ఉంటాడు. కౌంటరు దగ్గర పదో తరగతి తప్పిన కుర్రవాడు ఉంటాడు. ఇది ఒక్క జిల్లా జబ్బు కాదు. ఆ కుర్రవాడి ముందు ఎంత గొప్ప కంప్యూటరు పెట్టినా, తెరమీద ఎర్ర అక్షరాలు వెలిగితే అతడు వాటిని తుడిచేసి బిల్లు కొడతాడు. హెచ్చరిక చదివి, రోగితో మాట్లాడి, అవసరమైతే డాక్టరుకు ఫోను చేసి అడిగే మనిషి ఉంటేనే యంత్రం పనికివస్తుంది. కాబట్టి సాంకేతిక విజ్ఞానం ఫార్మసిస్టుకు బదులు కాజాలదు.

అమెరికాలో నార్త్ డకోటా అనే రాష్ట్రంలో ఊళ్ళు దూరం, జనం పలుచన. ఫార్మసిస్టులు దొరకక పల్లె షాపులు మూతపడుతుంటే, 2002లో ఒక పథకం మొదలుపెట్టారు. ఊరి షాపులో శిక్షణ పొందిన సహాయకుడు మందు తీస్తాడు. దూరాన పట్నంలో ఉన్న ఫార్మసిస్టు వీడియోలో చీటీని, మందును చూసి సరేనన్న తర్వాతే రోగికి ఇస్తారు, రోగితో వీడియోలోనే మాట్లాడతారు. ఇక్కడి చట్టం ఇందుకు ఒప్పుకోదు. ఒప్పుకోవాలా అన్నది ఆలోచించవలసిన విషయమే గాని, తొందరపడితే ప్రమాదం ఉంది. ఇప్పటికే సర్టిఫికెట్లు అద్దెకు తిరుగుతున్న చోట, 'వీడియోలో ఉన్నాడు' అన్న సాకు కూడా దొరికితే అడ్డూ ఆపూ ఉండదు. రాష్ట్రంలో ఫార్మసీ కళాశాలలకు కొదవలేదు. 2008 నుంచి ఫార్మ్ డి అనే ఆరేళ్ళ చదువు కూడా వచ్చింది. అది చదివినవారు రోగికి మందుల మీద సలహా చెప్పడానికే తయారవుతారు. వారిలో ఎందరు ఊరి షాపు మెట్లెక్కారు? విద్యార్థులను శిక్షణలో భాగంగా నెల రోజులు పల్లె షాపుల్లో కూర్చోబెడితే వారికి జనం జబ్బులు తెలుస్తాయి, షాపుకు కంప్యూటరు పద్దు మొదలవుతుంది.

డబ్బు ఎవరు పెట్టాలి? దుకాణదారు గోడు కూడా వినాలి. ధర నియంత్రణలో ఉన్న మందుల మీద చిల్లర వర్తకుడికి 2013 ఉత్తర్వు ప్రకారం లభించే లాభం 16 శాతం. అద్దె, కరెంటు, జీతం అందులోంచే. పట్నం గొలుసు షాపులు, ఫోనులో ఆర్డరు తీసుకునే కంపెనీలు ఇచ్చే తగ్గింపుల ముందు ఆయన నిలవలేడు. ఫోను అమ్మకాలకు వ్యతిరేకంగా 2018 సెప్టెంబరు 28న దేశమంతటా మందుల షాపులు మూశారు. అయితే బందులతో గిరాకీ తిరిగి రాదు. ధరలో పోటీపడలేని ఊరి దుకాణదారుకు మిగిలిన బలం ఒక్కటే, రోగి ఆయనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని పద్దులో పెట్టుకుంటేనే అది బలం. వర్తకుల సంఘాలు తలా ఇంత వేసుకుని తెలుగులో పనిచేసే ఒక కార్యక్రమాన్ని రాయించుకుంటే ఒక్కొక్కరి మీద పడే భారం స్వల్పం. రిజిస్టరైన ఫార్మసిస్టు నిజంగా కూర్చుని, పద్దు నడిపే పల్లె షాపుకు లైసెన్సు రుసుములో రాయితీ ఇవ్వడానికి ప్రభుత్వానికి పెద్దగా పోయేదేమీ లేదు.

క్షయ రోగుల విషయంలో దారి ఇదివరకే పడింది. గోలీల అట్టకు ఒక అట్ట కవరు తొడిగి, బిళ్ళ నొక్కితే వెనుక దాగిన ఫోను నంబరు కనబడేలా చేశారు. రోగి ఆ నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే బిళ్ళ వేసుకున్నట్లు నమోదవుతుంది. పైసా ఖర్చులేదు, ఏ ఫోనైనా చాలు. క్షయ మందులు కొన్నవారి వివరాలు ప్రభుత్వానికి తెలపాలని 2018 మార్చిలో మందుల షాపులకూ ఉత్తర్వు వచ్చింది. తెలపడం అంటే పట్టించడం కాదు. పరీక్షలు, మందులు, పోషకాహారానికి నెలనెలా డబ్బు ఉచితంగా అందడానికి అది దారి. ఈ మాట రోగికి విడమరిచి చెప్పవలసింది కౌంటరు వెనుక మనిషే.

మందు పడక ఒంటి మీద దద్దుర్లు లేచినా, కళ్ళు తిరిగినా ఆ సంగతి చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు దేశం మొత్తానికీ ఉంది. ఎన్ని షాపుల్లో అది రాసి పెట్టారో జనం చూసి చెప్పవచ్చు.

ఔషధ నియంత్రణ శాఖ చేయదగిన పని ఒకటి మిగిలింది. లైసెన్సు ఉన్న ప్రతి షాపు ఫోను నంబరూ ఆ శాఖ వద్ద ఉండాలి. ఫలానా మందు, ఫలానా బ్యాచ్ అమ్మకండి, అమ్మి ఉంటే వెనక్కి తెప్పించండి అని అదే గంటలో ప్రతి షాపుకూ తెలుగులో సందేశం పోవాలి. చూసినట్లు షాపు నుంచి జవాబు రావాలి, రాకపోతే మండలం వారీగా ఫోను చేసి అడగాలి.

పద్దు పెట్టడానికి అభ్యంతరం చెప్పేవారిలో ఒకరి మాట మాత్రం తోసిపుచ్చరానిది. ఊరు చిన్నది, నోళ్ళు పెద్దవి. ఎవరికి క్షయ మందు, ఎవరికి మనోవ్యాధి మందు, ఏ ఇంటి కోడలు ఏ పరీక్ష చీటీ కొన్నదీ కంప్యూటరులో ఉంటే సాయంత్రానికి రచ్చబండ మీదకు రాదా? వస్తుంది, తాళం లేకపోతే. వ్యక్తుల వివరాలను కాపాడేందుకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. పద్దులోకి ఫార్మసిస్టు తప్ప ఇతరులు వెళ్ళకుండా రహస్య సంకేతం ఉండాలి. రోగి ఒప్పుకుంటేనే పేరు ఎక్కించాలి. వద్దన్న రోగికి మందు నిరాకరించకూడదు, బ్యాచ్ నంబరుతో బిల్లు మాత్రం చేతిలో పెట్టాలి. ఇప్పుడు చాలా షాపుల్లో తెర కౌంటరు ముందు నిలబడిన నలుగురికీ కనబడేలా ఉంటోంది. ముందు దాన్ని లోపలి వైపుకు తిప్పాలి.